నీళ్ళ వాటం

రాహుకాలం పోయేదాకా మేస్త్రీ వాళ్ళు రారట. శుక్రవారం ఆ పూట ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరు, కాబట్టి కూర్చోవడం తప్ప నాకూ పని లేదు. ఆలోచించుకోవడానికి మాత్రం రాహుకాలం అడ్డం రాదు. పళ్ళెం బల్ల మీద ఉంది. టెంకాయ, తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, పసుపు, కుంకుమ. మా ఆయన చంద్ర పొద్దున్నే మార్కెట్టుకు పోయి తెచ్చి, తనే సర్ది, పైన ఒక గులాబీ కూడా పెట్టాడు. ఆ గులాబీని చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఇవేమైనా పెళ్ళిచూపులా? కట్టబోయేది బాత్రూం. కట్టబోయేవాడు ఆయన చెల్లెలి మొగుడు వీరభద్ర. మా దగ్గర పద్ధతేమిటంటే, ఇంటామె చేతిలోంచి టెంకాయ మేస్త్రీ చేతిలోకి పోయిందంటే ఇక పని అతనిదే. అతను టెంకాయ కొట్టిన చోట ఇంకో మేస్త్రీ తాపీ పట్టడు, కాళ్ళావేళ్ళా పడినా పట్టడు. అంటే రాహుకాలం పోయేలోగా నేను తేల్చుకోవాలి, ఇస్తానా, ఇవ్వనా. ఇవ్వను అని లోపల అనుకుంటే బాగానే ఉంటుంది. పైకి అనేటప్పటికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఇంట్లో అందరూ కలిసి ఇన్నేళ్ళుగా అక్కడ పెట్టిన మాట అది. మనోడే గదా.

"మహాదేవీ, ఓ మహాదేవీ, వచ్చినాదిమే." అత్త పిలుస్తోంది. వచ్చింది అంటే ఏం వచ్చిందో నాకు తెలుసు. లేచి పోవాలి. మంచం కిందనుంచి బెడ్‌ప్యాన్ తీసి, నడుం కింద చెయ్యి పెట్టి ఎత్తి, దాన్ని లోపలికి తోసి, గోడ వైపు తిరిగి నిలబడాలి. గోడ మీద కేలండర్ ఉంది, అందులో దేవుడు నన్నే చూస్తున్నట్టు ఉంటుంది, ఆయనకూ ఈ వాసన వస్తుందేమో. నేను చెడ్డదాన్ని కాదు. అత్త వెంకటేశ్వరమ్మ నన్ను ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు, వండింది వండినట్టు తింది. కానీ రోత రోతే. చెయ్యి ఎంత కడిగినా, సబ్బు ఎంత రుద్దినా, అన్నం కలిపేటప్పుడు వేళ్ళ మధ్య అదే వాసన ఉందేమోనని ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను. పళ్ళెం పక్కకు తోసేసిన రోజులున్నాయి. ప్యాన్ తీసుకుని నడవ దాటి, వంటింటి పక్కనుంచి, పెరట్లోకి మెట్లు దిగి పోవాలి. మా మరుగుదొడ్డి, స్నానాలగది ఒకటే, పెరటి చివర ఉంది, అత్త ఆ మెట్లు దిగలేదు. ఇంటికి ఎవరైనా వచ్చి ఉంటే దాని మీద పేపరు కప్పుకుని దొంగ సొత్తు మోస్తున్నట్టు తల వంచుకుని పోవాలి. అందుకే ఆమె గదికి ఆనుకుని లోపలే బాత్రూం కట్టాలి. వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే చేరేలా, కింద జారనిది, నీళ్ళు నిలవనిది. నాకు కావలసింది అంతే. నా చేతులు నాకు తిరిగి కావాలి.

ఇంతకీ ఆమె తుంటి ఎందుకు విరిగింది? ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వస్తాయి. బనగానపల్లెలో మా బావ, అంటే చంద్ర వాళ్ళ అన్న లక్ష్మన్న, ఇంట్లో కొత్త బాత్రూం కట్టించాడు. కట్టింది ఎవరు, ఇంకెవరు, వీరభద్రే. నీళ్ళు పోయే తూము నైరుతి మూల, ముందునుంచీ అక్కడే ఉంది, బయట కాలువ ఆ పక్కనే. తలుపు ఈశాన్యం మూల. నేలకు వాటం, అంటే వాలు, ఎటు ఇవ్వాలి? నాలాంటి దానికి కూడా తెలుసు, తూము వైపు. కానీ మా వీరభద్రకు వాస్తు తెలుసు. "నీళ్ళు ఈశాన్యానికి పారాల బావా, అట్ల పారితే ఇంట్లో లక్ష్మి నిలబడతాది" అన్నాడట. ఇంటికి చెప్పే మాటను బాత్రూం నేలకు చెప్పాడు, వీళ్ళు విన్నారు. బేతంచెర్ల బండలు నున్నగా పాలిష్ పట్టించి, చక్కగా తలుపు వైపు వాటం పెట్టి పరిచాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరు స్నానం చేసినా సబ్బునీళ్ళన్నీ తలుపు కింద నుంచి హాల్లోకి వస్తాయి. లక్ష్మి సంగతి తెలియదు, నురగ మాత్రం టీవీ దాకా వస్తుంది. మా తోడికోడలు ఒక పాత చీరను చుట్టగా చుట్టి గడప దగ్గర అడ్డం పెడుతుంది. నేను చూశాను ఆ చీర చుట్టను. నల్లగా, జిడ్డుగా, ఉబ్బి, కింద ఎర్రటి సన్న పురుగులు. ఎవరైనా వస్తున్నారంటే దాన్ని కాలితో మంచం కిందకు తోసేస్తుంది. అత్త అక్కడ ఉన్నప్పుడు ఆ నిలిచిన నీళ్ళలోనే జారి పడింది. కర్నూలుకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించి రాడ్ వేయించారు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచి ఆమె అన్న మొదటి మాట, "నా కాలే జారినాది. బండదేం తప్పు లేదు, అల్లున్ని ఏం అనాకండి."

ఎవరూ అనలేదు. ఈ ఇంటి వాళ్ళకు అనడం రాదు. తోడికోడలికి ఫోన్ చేశాను మొన్న. అక్కా, నిజం చెప్పు, వీరభద్రన్నకు ఇయ్యొచ్చా అని అడిగాను. "బాగనే చేస్తాడు లే మహాదేవీ, మనోడు గదా, మంచీ చెడ్డా చూసుకుంటాడు" అంది. ఆ మాట అంటున్నప్పుడే వెనక చర్ర్ చర్ర్ అని వైపర్‌తో నీళ్ళు తోస్తున్న చప్పుడు. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో వైపర్, నోట్లో బాగనే చేస్తాడు. ఛీ. ఆమె మీద కాదు, ఆ మాట మీద వచ్చింది నాకు అసహ్యం. తర్వాత ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాను. చంద్ర వాళ్ళ చిన్నాయన ఇంట్లో వీరభద్ర కట్టిన మెట్లలో ఒక మెట్టు మిగతావాటికంటే ఎత్తు, ఆ ఇంటికి పోయినవాళ్ళు అందరూ అక్కడ ఒకసారి తూలుతారు, తూలి నవ్వేస్తారు. ఆ చిన్నాయనే వీరభద్రను లక్ష్మన్న బావకు చెప్పాడు, బాగా కట్టినాడని. లక్ష్మన్న బావ మాకు చెప్పాడు. తమ ఇంట్లో జరిగింది పక్కవాళ్ళ ఇంట్లో కూడా జరిగితే ఇక ఎవరూ ఎవరినీ అడిగేదుండదు. రేపు మా హాల్లోకి నీళ్ళు వచ్చాక నేను కూడా ఒక చీర చుట్టి పెట్టుకుని, ఎవరో ఫోన్ చేస్తే బాగనే చేస్తాడని చెప్తానేమో. చెప్తాను. అదే నాకు భయం.

చంద్రకు ఈ మాటలన్నీ చెప్పాను. ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్. ఏ బండి ఏ పట్టా మీదకు పోవాలో, ఎటు మళ్ళించాలో ఆయనకు తెలుసు, డోన్ స్టేషన్లో ఆయన చెయ్యి ఊపితే ఇంజన్లు కదులుతాయి. ఇంట్లో ఒక మాట అటో ఇటో తేల్చమంటే నోరు మెదపడు. మూడోసారి అడిగితే, "ఏం చేద్దాం మహాదేవీ. అమ్మ మంచంలో ఉండాది. బావను కాదంటే చెల్లెల్ని కాదన్నట్టే. అది మళ్ళా ఈ గడప తొక్కదు" అన్నాడు. ఊళ్ళో దేవేంద్రప్ప అనే మేస్త్రీ ఉన్నాడు. అతనూ దేవుడేం కాదు. చెప్పిన రోజు రాడు, వచ్చిన రోజు మధ్యాహ్నానికే సర్దుకుంటాడు, పక్కింటి పని మీద కూడా ఒక కన్నేసి ఉంచుతాడు. కానీ దేవేంద్రప్ప మీద నేను అరవొచ్చు. ఇది పీకి మళ్ళీ వెయ్యి అనొచ్చు. వీరభద్ర మీద అరిస్తే అది పండగలకు, పెళ్ళిళ్ళకు, చావులకు, అన్నిటికీ పాకుతుంది. అరవడానికి వీల్లేని మనిషి చేత నేల పరిపించుకోవడమేమిటి?

పైగా ఆ గుట్కా. నెల కిందట కొలతలు చూసుకోవడానికి వచ్చాడు. బుగ్గ ఉబ్బెత్తుగా పెట్టుకుని, మాట్లాడితే కారుతుందని తల పైకెత్తి మాట్లాడుతూ, నా వంటింటి కిటికీలోంచి పిచిక్‌మని బయటకు ఉమ్మేశాడు. బయట నేను ఎండబెట్టిన వడియాలున్నాయి. చూసి, "అయ్యో, పక్కకే పడింది లేమ్మా" అన్నాడు. ఆ వడియాలు పక్కవీ, ఎదటివీ అన్నీ ఎత్తి చెత్తలో పోశాను, పోస్తుంటే చంద్ర చూసి కొన్నైనా ఉంచకపోయావా అన్నాడు. బనగానపల్లెలో ఇంకా ఘోరం, సిమెంటు కలిపేటప్పుడు ఆ కుప్పలోనే ఉమ్మి పారతో తిప్పేయడం నా కళ్ళతో చూశాను. ఆ గోడల మీద ఎంత రంగు వేసినా నాకు అదే కనబడుతుంది. అతను తాగిన గ్లాసు అంచుకు ఎర్రగా అంటుకుంటుంది. ఆ గ్లాసును వేరేగా పెట్టాను, పెరట్లో తులసి దగ్గర బోర్లించి. ఇంకో నెల రోజులు ఆ మనిషి నా ఇంట్లో తిరుగుతూ, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ మరక చేస్తూ, నేను కాఫీ ఇస్తూ, అన్నా అని పిలుస్తూ.

జ్యోతి మీద కూడా నాకు చిరాకే. శివజ్యోతి, నా ఆడబిడ్డ, వీరభద్ర పెళ్ళాం. వస్తే పలకరింపు లేదు, కూర్చోవడం లేదు, మంచినీళ్ళు ఇస్తే వద్దంటుంది. చెప్పులు విడిచి నేరుగా పెరట్లోకి పోయి తలుపు వేసుకుంటుంది. పోయినామె ఒక పట్టాన రాదు. నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంటుంది, బకెట్ల మీద బకెట్లు. మా ట్యాంకు నిండేది మున్సిపాలిటీ నీళ్ళు వదిలినప్పుడే, అవి ఎప్పుడు వదులుతారో వాళ్ళకే తెలియాలి. ఈమె వచ్చి పోయిన రోజు సాయంత్రానికి కొళాయి బుస్ బుస్ అంటుంది. అమ్మ మంచంలో ఉంటే వచ్చి ఆ ప్యాన్ ఒక్కసారైనా ఎత్తకుండా, పుట్టింటికి వచ్చి తలారా పోసుకుని పోతుందేమిటి ఈ మనిషి అని లోపల తిట్టుకుంటూనే టవలు ఇస్తాను.

సరే, ఇచ్చేస్తే పోతుంది. అవును, ఇచ్చేస్తాను. ఎవరితోనూ గొడవ ఉండదు. వాటం ఎటు పెట్టుకుంటే అటు పెట్టుకోనీ. నీళ్ళొస్తే తుడుచుకుంటాను, ప్యాన్ ఎత్తడం కంటే నీళ్ళు తుడవడం మేలు కదా. ఇట్లా అనుకున్నానో లేదో నా మీద నాకే రోత పుట్టింది. అత్త మళ్ళీ జారితే? ఆ రెండో తుంటి కూడా పోతే? అప్పుడు కూడా ఆమె నా కాలే జారిందంటుంది, చంద్ర తల ఊపుతాడు, ఇక నేను బతికినంత కాలం ఎత్తాలి. బయట బండి చప్పుడయింది. రాహుకాలం పోయింది కాబోలు.

వీరభద్ర లోపలికి వస్తూనే గేటు పక్కన ఉమ్మేసి, పైగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. "ఏం మహాదేవమ్మా, పళ్ళెం రెడీ పెట్టినావే. గులాబీపువ్వు కూడానా!" చంద్ర నవ్వుతూ కుర్చీ వేశాడు. లోపలనుంచి అత్త, "అల్లుడొచ్చినాడా, కాఫీ ఇయ్యిమే" అంది. జ్యోతి అప్పటికే చెప్పులు విడిచి పెరటి దారి పట్టింది. నేను ఇక ఆగలేకపోయాను. ఆమె వెనకే పోయాను. తలుపు వేసుకోబోతుంటే పట్టుకున్నాను.

"జ్యోతీ, ట్యాంకులో నీళ్ళు తక్కువుండాయి. చూసి పోసుకో."

ఆమె ముఖం చిన్నబోయింది. "కోపం చేసుకోవాకు వదినా. రెండే బకెట్లు. నిన్న కూడా పోసుకోలేదు."

"ఏంటికి? మీ ఇంట్లో నీళ్ళు రాలేదా?"

"నీళ్ళకేం, బోరుండాది. పోసుకునేదానికి యాడుండాది?"

వాళ్ళ ఊరు డోన్‌కు దగ్గరే. ఏదో పని మీద పోవడం, భోంచేసి రావడం తప్ప మేమెవరం అక్కడ రాత్రి ఉన్నది లేదు. కానీ పెరట్లో ప్రభుత్వం ఇచ్చిన మరుగుదొడ్డి, పక్కనే స్నానాలగది, మీగడ రంగు వేసి తలుపు పెట్టి ఉండడం నేను చూశాను. అదే అన్నాను.

"కట్టినాడు లే. కట్టినాక రెండిట్లోనూ సెంట్రింగు చెక్కలు, సిమెంటు మూటలు పెట్టి బీగమేసినాడు. బయట పెడితే సామాను పోతాదంట."

"మరి నువ్వు యాడికి పోతాండావు?"

"మొబ్బుతో, కోడి కూయకముందే లేసి పోతా వదినా. ముందు ఊరి బయట కంపచెట్లుండె, అందరం ఆడికే పోతాంటిమి. ఇప్పుడు అందరి ఇండ్లల్లో అయినాయి. కంప కొట్టేసి ప్లాట్లు ఏసినారు, అంతా బయలు. రైలుకట్ట దాక ఒక్కదాన్నే పోవాల. పగలు వస్తే ఆపుకుంటా. నీళ్ళు తాగేది తగ్గించినా." అని, అది ఏదో వంట సంగతి చెప్పినట్టు చెప్పి, టవలు కోసం చెయ్యి చాచింది.

మేస్త్రీ పెళ్ళాం. ఊరందరికీ, చుట్టాలందరికీ బాత్రూములు కట్టే మనిషి పెళ్ళాం. మంచినీళ్ళు వద్దనేది ఇందుకా? నా ట్యాంకు గురించి నేను లోపల తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి, గుట్కా రసం లాగా, ఎక్కడ ఉమ్మాలో తెలియలేదు. టవలు ఆమె చేతిలో పెట్టి, ఎంతసేపు కావాలంటే అంతసేపు పోసుకొమ్మని చెప్పి, లోపలికి వచ్చాను. వీరభద్ర పళ్ళెంలోంచి వక్క తీసి కొరుకుతున్నాడు.

"అన్నా, మీ ఇంటి బాత్రూం బీగంచెవి యాడుండాది?"

అతను చంద్ర వైపు చూసి నవ్వాడు. "దానికేంటికిమ్మా ఇప్పుడు? ఈ ఇంటి పని చూడు. ఈశాన్యం మూల చూపించు, టెంకాయ కొట్టేస్తా."

"జ్యోతి రైలుకట్టకు పోతాందంట."

నవ్వు ఆగింది. "ఆడోళ్ళ మాటలు. మా యమ్మ పోలేదా, మీ యమ్మ పోలేదా? లోపల లక్ష రూపాయల సామానుండాది, యాడ పెట్టేది?"

చంద్ర కుర్చీ అంచుకు జరిగాడు. "మహాదేవీ, ఇప్పుడెందుకు..." అన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన ముఖం పాలిపోయింది. చెల్లెలు కదా. "ముందు నీ ఇంట్లో బీగం తియ్యన్నా" అన్నాను. "సామాను బయటికెయ్యి. నేనొచ్చి బిందెడు నీళ్ళు పోసి చూస్తా. ఆ నీళ్ళు తూములోకి పోతాయో, తలుపు దిక్కు వస్తాయో చూస్తా. ఆ తర్వాతనే ఈడ తాంబూలం." మాట పైకి వచ్చింది.

"అత్తా, వింటాండావా నీ కోడలి మాటలు!" వీరభద్ర గది వైపు అరిచాడు. వింటోంది. గది ఎంతో దూరం లేదు, మొదటినుంచీ అన్నీ వింటోంది. మంచం కిర్రుమంది. ఇక అల్లుడి తరఫున మొదలుపెడుతుంది, బండదేం తప్పు లేదంటుంది అనుకుని నేను పళ్ళు బిగబట్టుకున్నాను.

"మహాదేవీ," అంది. "ఆ టెంకాయ ఇట్ల తేమే."

తీసుకుపోయాను. ఆమె రెండు చేతులతో అందుకుని, దుప్పటి ఎత్తి, మంచిగా ఉన్న తుంటి పక్కన పెట్టుకుని, దుప్పటి కప్పేసింది. "వీరభద్రా, నా బిడ్డ తలుపేసుకోని కూర్చునిందని దాని నోటితో అది చెప్పిన రోజు వచ్చి ఈ టెంకాయ తీసుకపో. అంతవరకు ఈ ఇంట్లో ఇటుక పడేది లేదు. నాకేం, నేను ఈ ప్యాన్‌లోనే పోతా." అని గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆమె ఏడవడం ఆపరేషన్ రోజు కూడా నేను చూడలేదు.

ప్యాన్‌లోనే పోతానంది. బాగానే ఉంది. ఎత్తేదెవరని ఒక్కరూ అడగలేదు. అడగరు. కావలసింది నా చేతులు నాకు తిరిగి రావడం అనుకున్నాను కదా, ఇప్పుడు ఇంకా ఎన్నాళ్ళో. వీరభద్ర బీగం తీసేదాకా, తీయకపోతే జ్యోతి పగలగొట్టేదాకా. అయినా సరే. వంగి మంచం కింద చూశాను. ఇందాక తీసి పెట్టింది అట్లాగే ఉంది, ఈ గొడవలో పారబోయలేదు. తీశాను. కిటికీలో పేపరు ఉంది, చెయ్యి అలవాటుగా దాని మీదకు పోయింది. తీసుకోలేదు. ప్యాన్ అట్లాగే తెరిచి పట్టుకుని నడవలోకి వచ్చాను. వీరభద్ర కుర్చీ దారిలోనే ఉంది. అతని మోకాళ్ళ పక్కనుంచి, తొందరపడకుండా పోయాను. ఎక్కడపడితే అక్కడ ఉమ్మే ఆ మనిషి ఉలిక్కిపడి పైగుడ్డ లాగి ముక్కు మూసుకున్నాడు. పెరట్లో జ్యోతి ఇంకా తలుపు వేసుకునే ఉంది. నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వస్తోంది. నేను మెట్ల మీద కూర్చుని, ఆమె వచ్చేదాకా ప్యాన్ పక్కన పెట్టుకుని ఎదురుచూశాను.